నీలం చుక్క చక్రాలు

మా బావకి తుప్పంటే పగ. మామూలు పగ కాదు, గట్టు తగాదా ఉన్న దాయాది మీద ఉండేలాంటి పగ. ఎవరింటికి వెళ్ళినా ముందు గేటు గొళ్ళెం చూసేవాడు. ఎర్రగా కనిపిస్తే, వాళ్ళిచ్చిన మంచినీళ్ళు తాగకముందే జేబులోంచి గరుకు కాగితం తీసేవాడు. “నాకు జ్వరమొస్తే మీ బావకి మూడో రోజుకి గానీ తెలీదు. మేకుకి తుప్పు పడితే మాత్రం నిద్రలో కూడా తెలుస్తుంది” అని మా అక్క దెప్పేది. అలాంటి మనిషి గురించి నేనిప్పుడు చెప్పబోయేది నాకే మింగుడుపడదు. అయినా చెప్పాలి. వీధిలో ఆయన గురించి తలో మాటా అంటున్నారు, అందులో ఒక్కటీ నిజం కాదు.

ఆయనది చక్రాల పని. ట్రాక్టర్లవీ ట్రాలీలవీ పెద్ద చక్రాలు విప్పడం, ట్యూబులు అతకడం, వంగిన రిమ్ములు సరిచేయడం. వీధి చివర రేకుల షెడ్డు. అందులో ఒక కంప్రెసరు, రెండు జాకీలు, మనిషెత్తు గడ్డపారలు, గ్రీజు తాగి తాగి నల్లబడిన నేల. ఆ షెడ్డుకి ఆనుకునే నా కొట్టు. నట్లు, బోల్టులు, బేరింగులు అమ్ముతాను. మధ్య గోడలో ఒక ఇటుక ఊడిపోయి పాతికేళ్ళయింది. మేం పూడ్చలేదు. ఆ కన్నంలోంచే టీ గ్లాసులు అందించుకుంటాం, తిట్లూ అందించుకుంటాం. “ఒరేయ్ బామ్మర్దీ, చెవుడొచ్చిందా? పెద్ద వాషరు అడిగి గంటయింది!” అని అటునుంచి ఆయన అరుస్తాడు. “అడిగే పద్ధతిలో అడిగితే ఈపాటికి వచ్చేది” అని ఇటునుంచి నేనంటాను. మా అక్కని ఆయనకిచ్చినప్పటి నుంచీ మా ఇద్దరికీ ఇదే వరస.

ఆయనకి పేరొచ్చింది మాత్రం నీళ్ళ వల్ల. తెలియనివాళ్ళ కోసం చెప్తాను. బురదలో దున్నేటప్పుడు ట్రాక్టరు వెనక చక్రాలు పట్టు దొరక్క ఉన్నచోటే తిరుగుతాయి. తిరగకుండా ఉండాలంటే బరువు కావాలి. అందుకని ఆ ట్యూబుల్లో ముప్పావు వంతు నీళ్ళు నింపి, మిగతా పావులో గాలి పెడతారు. ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. మా బావ ఆ నీళ్ళలో ఉప్పు కలిపేవాడు. డ్రమ్ములో రాళ్ళుప్పు పోసి, కర్రతో తిప్పి, ఇక నావల్ల కాదని నీళ్ళు మొరాయించేదాకా కరిగించి అప్పుడు చక్రంలోకి పంపేవాడు. ఉప్పునీళ్ళు మామూలు నీళ్ళకన్నా బరువు. ట్యూబు అదే, కొలత అదే, బరువు మాత్రం ఎక్కువ. వయసులో ఉన్నప్పుడు ఒక పెద్ద వర్క్‌షాపులో ఎనిమిది నెలలు నేల ఊడ్చాడట. అక్కడ మేస్త్రీ చేస్తుంటే చూసి నేర్చుకున్న విద్య. తను నింపిన ప్రతి చక్రానికీ వాల్వు పక్కన నీలం రంగుతో ఒక చుక్క పెట్టేవాడు. “మా బండికి నీలం చుక్క ఉందయ్యా, ఎంత బురదైనా దిగుతుంది” అని రైతులు ఒకరికొకరు గొప్పలు చెప్పుకునేవారు. బావ వినిపించుకోనట్టు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఉండేవాడు. అన్నీ వినేవాడని నాకు తెలుసు.

వానలకి ఇంకా నెలరోజులుందనగా ఒక పొద్దున హారన్ వచ్చింది. హారన్ అంటే మా బావ చెల్లెలి కూతురు. పసిపిల్లగా ఉన్నప్పుడు ఏడుపు అందుకుంటే వీధి ఆ చివరికి వినిపించేది, అలా పడింది ఆ పేరు. ఇప్పుడు ముప్పై రెండేళ్ళు, రోజు మొత్తంలో పది మాటలు మాట్లాడితే గొప్ప. వాళ్ళ నాన్న ట్రాక్టరు తోలి సంసారం ఈదాడు. నడుం పడిపోయాక బండిని పెరట్లో రేకుల కింద పెట్టి, ఐదేళ్ళు మంచంలో ఉండి, నిరుడు పోయాడు. ఈ పిల్ల చొక్కాల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టేది. ఆ ఫ్యాక్టరీకి తాళం పడి నాలుగు నెలలయింది.

“మామయ్యా, నాన్న బండి బయటికి తీయాలి” అంది.

“తీసి? ఎవరు తోలతారు?”

“నేనే.”

బావ నవ్వలేదు, నేనూ నవ్వలేదు. పదమూడో ఏట తండ్రి పక్కన మడ్‌గార్డు మీద కూచుని మొదలుపెట్టి, పదహారుకల్లా సీటు మీదికొచ్చిన పిల్ల అది. నాగలి చాలు చక్కగా పోవడం లేదని తండ్రినే గదమాయించేది. పెద్ద వ్యవసాయ ఫారం మేనేజరుతో అప్పటికే మాట్లాడి వచ్చింది. తొలి వాన పడ్డ మర్నాడు బండి తెచ్చి పొలంలో నిలబెడితే ఈ సీజను దున్నకం మొత్తం ఆమెకే. తేలేకపోతే వెనక పదిమంది కాచుకుని ఉన్నారు. ఇంజను మెకానిక్కు చూసి భేషుగ్గా ఉందన్నాడట. కూలబడింది వెనక చక్రాలే.

“చక్రాలే అయితే ఇక దిగులెందుకే? చిటికెలో పని. నాకొదిలేసి నువ్వు పో” అన్నాడు బావ. ఆ పిల్ల ముఖం అంతలా విప్పారడం వాళ్ళ నాన్న మంచాన పడ్డాక నేను చూడలేదు.

మర్నాడు ఆదివారం, కొట్టు మూసి నేనూ వెళ్ళాను. పెరట్లో ట్రాక్టరు ఒక పక్కకి ఒరిగి కూలబడి ఉంది. వెనక టైర్లలో గాలీ లేదు, నీళ్ళూ లేవు, రబ్బరు మడతలు పడి నేలకి అంటుకుపోయింది. టైరు గట్ల మధ్య గడ్డి మొలిచి, సీటు చిరుగులో ఏదో పిట్ట గూడు కూడా కట్టి పోయింది. బావ చీపురు తీసుకుని కుడి చక్రం ఊడ్చి, రిమ్ము మీద అరచేత్తో రుద్దాడు. దుమ్ము కింద నీలం చుక్క కనిపించింది, పక్కన వాల్వు మాత్రం గడ్డకట్టిన మట్టిలో కూరుకుపోయి ఉంది. “చూశావా, నా చేతిదే. పదేళ్ళయినా రంగు పోలేదు” అని నాకు చూపించి మురిసిపోయాడు.

నట్లు కదల్లేదు. కిరసనాయిలు పోసి మూడు రోజులు నానబెట్టి, నిప్పు చూపించి, స్పానరుకి గొట్టం తగిలించి ఇద్దరం వేలాడితే ఒక్కొక్కటీ కీచుమని కదిలింది. చక్రం విప్పి నేల మీద పడుకోబెట్టాక టైరు రిమ్మును వదల్లేదు. సబ్బునీళ్ళు పోసి, గడ్డపార దూర్చి, సుత్తితో చుట్టూ కొట్టుకుంటూ వచ్చాడు. సగం చుట్టు తిరిగేసరికి టైరు ఒక్కసారిగా లేచింది. లోపలినుంచి బకెట్టెడు తుప్పు రాలింది. పొడి కాదు, అరచేతి వెడల్పు పెచ్చులు. ట్యూబు చివికి చేతికే వచ్చింది. వాల్వు కోసం వేలు పట్టేంత బొక్క ఉండాల్సిన చోట నా పిడికిలి పట్టేంత కంత ఉంది. దాని చుట్టూ జానెడు మేర ఇనుము అట్టముక్కలా పలచబడింది. రిమ్మును మధ్య ప్లేటుతో కలిపే చెవుల దగ్గర కూడా అదే వరస. బావ సుత్తితో తట్టి చూశాడు. మంచి ఇనుము మోగుతుంది, చెడింది మూలుగుతుంది. సగం రిమ్ము మూలిగింది. ఎడమది విప్పితే అదింకా అన్యాయం.

అప్పుడు బావ ఒక మాట అన్నాడు. ఆ మాటకి ఆయన ఇప్పటికీ కుమిలిపోతున్నాడు. “మా బావగారి బద్ధకం ఇది. ఆరేళ్ళు ఇలా వదిలేస్తే ఇనుము ఏమవుతుంది? బంగారమవుతుందా?” అన్నాడు, హారన్ వాళ్ళ నాన్నని. తలుపు దగ్గర చెల్లెలు నిలబడి ఉంది.

“ఆయన మంచం దిగలేని మనిషి కదా అన్నయ్యా, బండెలా చూసుకుంటారు?” అందావిడ.

“దిగనక్కర్లేదు. ఒక్క మనిషిని పంపి నాకు కబురు చేస్తే వచ్చి చూసేవాణ్ణి కదా!”

ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. హారన్ మామయ్య వైపు చూసి, రాలిన పెచ్చుల్ని చీపురుతో ఒక మూలకి చేర్చింది. బావకి తుప్పు మీద వచ్చే కోపంలో ఎదుట ఉన్నది మనిషో ఇనుమో తెలియదు. నేనైనా నోరు మూయించాల్సింది. మూయించలేదు.

అతకడం కన్నా వేరే రిమ్ములు వెతకడం మేలనుకున్నాం. ఆ మోడలు తయారీ ఆగిపోయి చాలా ఏళ్ళయింది. కొత్తవి దొరకవు. ఇక మిగిలింది ఊరి బయట పాత ఇనుప యార్డు. దాని యజమానిని అందరూ తూకం అంటారు. వస్తువునైనా మనిషినైనా ఒకసారి పైనుంచి కిందికి చూసి బరువు చెప్పేస్తాడు. నన్ను చూడగానే “డెబ్బై తొమ్మిది. పోయినసారి కన్నా మూడు పెరిగావ్” అన్నాడు. నేను పొట్ట లోపలికి పీల్చుకున్నాను. బావ వచ్చిన పని చెప్పాడు.

“ఆ సైజువి ఐదున్నాయి. నీకు పనికిరావు” అన్నాడు తూకం.

“చూడకుండానే ఎలా చెప్తావయ్యా?”

“చూసే చెప్తున్నా. అన్నీ నీ చుక్కవే.”

యార్డు వెనక రిమ్ములు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఐదింటికీ వాల్వు పక్కన నీలం చుక్క ఉంది. ఐదింటికీ వాల్వు దగ్గర పిడికిలంత కంత ఉంది. బావ సుత్తి తీసుకుని పక్క గుట్టలకి వెళ్ళాడు. అక్కడున్నవి వేరే సైజులు, కొన్ని ఇంకా పాతవి, పైనంతా ఎర్రగా తుప్పు పట్టినవి. ఒక్కొక్కటే తట్టుకుంటూ పోయాడు. చుక్క లేనివి మోగాయి. చుక్క ఉన్నవి మూలిగాయి. పద్దెనిమిది రిమ్ములు కొట్టి చూశాడు, ఒక్కటీ తప్పలేదు. చివరికి చుక్క ఉన్న ఒకదాని లోపల గోటితో గీకి, ఆ పొడి నాలిక మీద పెట్టుకున్నాడు.

“ఉప్పగా ఉందిరా” అన్నాడు నాతో.

తూకం చెడ్డవాడు కాదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. “ఏంటి, నీకు తెలీదా? తెలిసే చేస్తున్నావనుకున్నానే! ట్యూబు ఎంత గట్టిదైనా వాల్వు దగ్గర చెమ్మ ఊరుతూనే ఉంటుంది కదా. పెద్ద వర్క్‌షాపులో నేను పన్నెండేళ్ళు లారీ లోడింగు చేశా. వాళ్ళూ ఉప్పు కలిపేవాళ్ళు. కానీ ఏడాది తిరిగేసరికి మొత్తం విప్పి, నీళ్ళు పారబోసి, రిమ్ములు మంచినీళ్ళతో కడిగి, రంగేసి మళ్ళీ బిగించేవాళ్ళు. ఎన్ని పనులున్నా అది మాత్రం మానేవాళ్ళు కాదు.”

“నేను ఎనిమిది నెలలే ఉన్నా” అన్నాడు బావ.

మరి పాతికేళ్ళలో ఒక్కసారీ కనిపెట్టలేదా అని మీరడగొచ్చు. నేనూ అడిగాను. టైర్లు అరిగి మార్చడానికి వచ్చినప్పుడు లోపల తుప్పు కనిపించేదట. ఇనుమన్నాక పట్టదా అనుకుని, గీకి, రంగేసి బిగించేవాడట. ఉప్పు పూర్తిగా తినేసినవి ఆయన దగ్గరికి రాలేదు. అవి నేరుగా తూకం దగ్గరికే వచ్చాయి.

తిరిగి వచ్చేటప్పుడు వ్యాన్లో నేనే మాట్లాడాను. మనసులో మాట దాచుకోవడం నాకు చేతకాదు. “బావా, ఈ సంగతి నీకూ నాకూ తెలుసు. ఆరేళ్ళు పక్కన పడేసిన బండి, ఎలాగూ తుప్పు పట్టేదే. ఇప్పుడు పోయి చెప్తే ఆ రిమ్ము బాగుపడుతుందా? చెల్లెలి ముందు చిన్నబోవడం తప్ప?” అన్నాను. ఆయన రోడ్డు వైపే చూస్తూ, “చచ్చిన మనిషిని బద్ధకస్తుడన్నాను కదరా” అన్నాడు.

చెప్పేశాడు. ముందు గదిలో హారన్ నేల మీద కూచుని గాలి ఫిల్టరు కడుగుతోంది. వాళ్ళమ్మ కిటికీ పక్కన ఉంది. కూచోమన్నా బావ కూచోలేదు. “ఈ తుప్పు మీ నాన్న వల్ల పట్టింది కాదమ్మా. నేను పోసిన ఉప్పునీళ్ళ వల్ల పట్టింది. ఏడాదికోసారి కడగాలని నాకు తెలీదు. తెలీని పని పాతికేళ్ళు చేశాను” అన్నాడు. తర్వాత చెల్లెలి వైపు తిరిగి, “ఆయన్ని అనరాని మాటన్నాను” అన్నాడు.

ఆవిడ ఏడ్చింది. “నీ చుక్క చూసుకుని మురిసిపోయేవారు అన్నయ్యా. మంచంలో పడ్డాక కూడా, చక్రాలకి ఢోకా లేదు, అవి మీ అన్న నింపినవి అనేవారు” అంది. తిట్టి ఉంటే బావ కాస్త తేరుకునేవాడు.

హారన్ ఫిల్టరు పక్కన పెట్టింది. “వేరే రిమ్ము దొరికిందా మామయ్యా?”

“లేదమ్మా.”

“అయితే ఉన్నవే అతుకు. వానలకి ఇంకా పదిహేను రోజులుంది.”

ఆ పదిహేను రోజులూ బావ షెడ్డులో వేరే పని ముట్టలేదు. చెడిన ఇనుమంతా కోసేశాడు. మందపు ప్లేటు కాల్చి, రిమ్ము వంపుకి సరిపోయేలా సుత్తితో వంచి, ముక్కలు ముక్కలుగా అతికాడు. మధ్యలో అతుకు బాగానే పట్టేది. అంచుల దగ్గరికి వచ్చేసరికి వెల్డింగు మంటకి పాత ఇనుము కరిగి కారిపోయేది. ఒక కంత పూడిస్తే పక్కన రెండు. దాన్ని పూడిస్తే ఇంకో నాలుగు. అరవై దాటిన కళ్ళు, అద్దం పెట్టుకున్నా సాయంత్రానికి ఎర్రబడి నీళ్ళు కారేవి. మా అక్క తడిగుడ్డ మడిచి కళ్ళ మీద వేస్తూ, “ఇంత తుప్పు గీకే మనిషి, ఒక్కసారి లోపల చూసుకోకపోయారా” అంది. అని, అన్నందుకు తనే బాధపడింది.

చెవుల దగ్గర అడ్డంగా పట్టీలు వేసి, నా కొట్టులో ఉన్న అన్నిటికన్నా గట్టి బోల్టులు బిగించాం. అంతా అయ్యాక బావ సుత్తితో చుట్టూ తట్టాడు. నేను కన్నంలోంచి చూస్తున్నాను. “ఎలా ఉంది?” అన్నాను. “నిలబడితే నిలబడుతుంది” అన్నాడు తలెత్తకుండా. ఆ గొంతు వినగానే నాకు విషయం అర్థమైంది. ఆయనకి ముందే అర్థమైంది. హారన్‌కి చెప్పే ధైర్యం మా ఇద్దరికీ లేకపోయింది.

తొలి వాన పడింది. మర్నాడు పొద్దున్నే ఆ పిల్ల బండి స్టార్టు చేసింది. ఆరేళ్ళ తర్వాత పెరట్లోంచి ట్రాక్టరు కదులుతుంటే ఇరుగుపొరుగు గోడల మీదినుంచి చూశారు. చక్రాల్లో కొత్త ట్యూబులేసి ఈసారి మంచినీళ్ళే పోశాడు బావ. రెండు వీధులు, ఒక కల్వర్టు, ఫారం దాకా మట్టిరోడ్డు. బావ కుడి చక్రం పక్కనే వంగి చూస్తూ నడిచాడు. నేను ఎడమ చక్రం పక్కన. పొలం గట్టు దగ్గరికి వచ్చేసరికి నాకు కూడా కాస్త ఆశ పుట్టింది. మేనేజరు గొడుగు పట్టుకుని నిలబడి, కానివ్వమని చెయ్యూపాడు. ఆ పిల్ల నాగలి దించింది. ఇరవై గజాలు పోయింది. చాలు గీత గీసినట్టు వచ్చింది.

తర్వాత కుడివైపు టప్పుమని ఒక చప్పుడు, దాని వెనకే వరసగా నాలుగైదు. చెవులు ఒక్కొక్కటే తెగాయి. బురద పట్టుకున్న రిమ్ము కదలకుండా ఉండిపోయింది, మధ్య ప్లేటు మాత్రం దానిలోపల గిర్రున తిరిగింది. బండి కుడివైపు కూలబడింది. మేం పరిగెత్తేసరికి ఆ పిల్ల ఇంజను ఆపి దిగి నిలబడి ఉంది. దెబ్బలేమీ తగల్లేదు. తెగిన ఇనుము వైపు చూసింది. అతుకులు గట్టిగానే ఉన్నాయి. వాటి పక్కన పాత ఇనుము చిరిగిపోయింది.

మేనేజరు కఠినంగా ఏమీ మాట్లాడలేదు. “వానలు ఎవరికోసం ఆగవమ్మా” అన్నాడు అంతే. మధ్యాహ్నానికల్లా వేరే ట్రాక్టరు వచ్చి అదే చాలు అందుకుంది. మూడో రోజు తూకం లారీ తెచ్చుకుని బండిని పాత ఇనుము కింద ఎత్తుకెళ్ళాడు. చూసిందల్లా తూకం వేసే మనిషి, ఆ రోజు మాత్రం నోరు తెరిచి బరువు చెప్పలేదు. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదంటారు. మా ఇంట్లో ఉప్పు పోసింది ఒకరు, నీళ్ళు తాగింది ఇంకొకరు. నాకు ఇది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియదు.

తన చుక్క పెట్టుకుని ఇంకా తిరుగుతున్న ట్రాక్టర్లు ముప్పై ఒకటి ఉన్నాయని బావ లెక్కేశాడు. ఒక్కొక్కరూ గుర్తే. సైకిలు మీద ఇంటింటికీ బయల్దేరాడు. నీళ్ళు తీసేయించుకోండి, రిమ్ములు కడుగుతాను, నా తప్పు నేనే దిద్దుకుంటాను అని చెప్పాడు. ఒకాయన, “తీసేస్తే బురదలో నువ్వొచ్చి తోస్తావా?” అన్నాడు. ఇంకొకాయన, మేనకోడలి బండి పోయాక మతి చెడిందని ఎదుటే అన్నాడు. షెడ్డులో పని తగ్గింది కాబట్టి కొత్త ఎత్తు ఎత్తాడని మూడో ఆయన అన్నాడు. వీధిలో తిరుగుతున్న తలో మాటా ఇవే. ఇద్దరు మాత్రం ఒప్పుకుని తీయించుకున్నారు. వాళ్ళలో ఒకడు వారం తిరక్కుండానే వచ్చి చక్రం జారుతోంది, మళ్ళీ ఉప్పు పొయ్యమన్నాడు. ఏడాదికోసారి కడిగించుకోడానికి ఎవరూ రారని తెలిసి బావ పొయ్యనన్నాడు. అతను మెయిన్ రోడ్డు మీద కొత్త టైర్ల కొట్టుకి వెళ్ళాడు. అక్కడ ఉప్పు కలిపి పోస్తున్నారు, అడిగినవాళ్ళకి నీలం చుక్క కూడా పెడుతున్నారు.

రెండో విడత వానలకి ముందు షెడ్డు ఎదుట ఒక కొత్త ట్రాక్టరు ఆగింది. దిగింది హారన్. ఫారం మేనేజరు డ్రైవరుగా పెట్టుకున్నాడట, రోజు కూలికి. ఆ పిల్లని సీటు మీద చూసి బావ గబగబా బయటికొచ్చాడు. ముఖం వెలిగింది పాపం.

“చక్రాలు నింపించుకు రమ్మన్నారు మామయ్యా. మెయిన్ రోడ్డుకి వెళ్ళమన్నారు. నేనే ఇటు తెచ్చా.”

“మంచి పని చేశావే. గంటలో నింపేస్తా, కూచో.”

“ఉప్పునీళ్ళు కావాలి.”

బావ చేతిలోకి తీసుకున్న గొట్టం కింద పెట్టాడు. నేను కన్నం దగ్గరికి వచ్చాను. “వద్దమ్మా” అన్నాడు. “కొత్త రిమ్ములు, చూడు ఎలా ఉన్నాయో. ఫారం వాళ్ళు ఏటా విప్పించి కడిగిస్తారా? ఆరేడేళ్ళలో తినేస్తుంది. ఎలా తింటుందో నువ్వు చూశావు కదా.”

“చూశాను.”

“మరి?”

“ఉప్పు లేకపోతే చక్రం జారుతుంది. జారితే రోజుకి అయ్యే పని కాదు. నా చోట్లో ఇంకొకడు కూచుంటాడు.” అని ఆగి, “బండి నాది కాదు కదా మామయ్యా” అంది.

కోపంగా అనలేదు. టైమెంతయిందో చెప్పినంత మామూలుగా అంది. ముప్పై ఒక్కమందికి చెప్పి చెప్పి గొంతు అరిగిన మనిషి, ఆ కొత్త రిమ్ము దగ్గరికి వెళ్ళాడు. దాని మీద వేలు పెట్టి రుద్దాడు. నున్నగా ఉంది, వేలికి ఏమీ అంటలేదు.

“ఎంత లోతు బురద?” అని అడిగాడు.

“మోకాలి దాకా.”

“అయితే రెండు చక్రాలకీ కలిపి మూడు బస్తాలు పడుతుంది” అని, నా వైపు గోడకి తిరిగాడు. “ఒరేయ్ బామ్మర్దీ, కొట్టు కాసేపు మూసి, ఉప్పు తెచ్చిపెట్టు.”